కొండకోనల మంత్రసాని: మేరీ బ్రెకిన్‌రిడ్జ్

లోకంలో జన్మించిన ప్రతి మనిషీ మొట్టమొదట ఎవరి చేతులలో పడ్డాడో ఆ చేతులను ఎరుగడు. తల్లిని ఎరుగును, తండ్రిని ఎరుగును, గురువును ఎరుగును. బొడ్డు కోసి, పొత్తిళ్ళలో చుట్టి, తల్లి ప్రక్కన పరుండబెట్టిన ఆ స్త్రీ పేరు మాత్రం ఏ రిజిస్టరులోనూ ఉండదు. తెలుగువారు ఆమెను మంత్రసాని అన్నారు. ఉర్దూ మాట్లాడే మన ఇళ్ళలో దాయి అన్నారు. పురుటినాడు ఆమెకంటె గొప్పవారు ఆ ఇంట ఎవరూ లేరు. పురుడు వెళ్ళిన మరునాటి నుండి ఆమెను తలచుకొనేవారూ లేరు.

మా నానీమా తన ఏడు కాన్పులూ ఊరి మంత్రసాని చేతి మీదనే జరిగాయని చెప్పేవారు. ఆ మాట చెప్పేటప్పుడు వారి ముఖంలో ఒక విధమైన గర్వం కనిపించేది. కాని అదే ఊరిలో, అదే మంత్రసాని చేతి మీద, నానీమా సొంత అక్కకు మొదటి కాన్పులో రక్తస్రావం ఆగలేదు. తాలూకా ఆసుపత్రికి తీసుకొనిపోతూ ఉండగా ఎడ్లబండిలోనే ఆమె కన్ను మూసిందట. ఈ రెండవ కథను నానీమా ఎన్నడూ పూర్తిగా చెప్పలేదు. సగంలో లేచి వంటింటిలోకి వెళ్ళిపోయేవారు. ఇంటి పురుడు మేలా, ఆసుపత్రి పురుడు మేలా అనే వాదం విన్నప్పుడల్లా నాకు ఈ రెండు కథలూ కలిసే జ్ఞాపకం వస్తాయి. ఆ రెండు కథలకూ కలిపి ఒకే సమాధానం వెదకిన స్త్రీ ఒకామె అమెరికా దేశంలో ఉండేది. ఆమె జీవితాన్ని మన విద్యార్థినీ విద్యార్థులకు పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

జననము, విద్య

మేరీ బ్రెకిన్‌రిడ్జ్ 1881వ సంవత్సరం ఫిబ్రవరి 17వ తేదీన టెనెస్సీ రాష్ట్రంలోని మెంఫిస్ నగరంలో జన్మించింది. వారిది కెంటకీ రాష్ట్రంలో పేరుపొందిన వంశం. తాతగారైన జాన్ సి. బ్రెకిన్‌రిడ్జ్ 1857 నుండి 1861 వరకు అమెరికా ఉపాధ్యక్షుడు. తండ్రి క్లిఫ్టన్ బ్రెకిన్‌రిడ్జ్ అమెరికా కాంగ్రెసులో సభ్యుడు. తరువాత 1894 నుండి 1897 వరకు రష్యాలో అమెరికా రాయబారి. అందువలన బాలిక విద్యాభ్యాసం కొంత రష్యాలోను, కొంత స్విట్జర్లాండులోను, కొంత స్వదేశంలోను జరిగింది. రష్యాలో ఉన్న రోజులలో ఆమెకు ఒక తమ్ముడు కలిగాడు. ఆ పురుడు పోసినది ఒక మంత్రసాని. రాయబారి ఇంటిలో సైతం పురుడు మంత్రసాని చేతి మీద జరగడం ఆ చిన్నపిల్ల మనస్సులో నిలిచిపోయింది.

ఆనాటి సంపన్న కుటుంబాలలో ఆడపిల్లలకు చదువు ఒక అలంకారం మాత్రమే. సభలో నాలుగు మాటలు మాట్లాడగలిగితే చాలు, మంచి సంబంధం కుదిరితే చాలు అని పెద్దల అభిప్రాయం. మేరీ ఆ అభిప్రాయానికి లోలోపల బాధపడినా, ఎదురు చెప్పలేదు. 1904లో ఒక యువ న్యాయవాదిని వివాహమాడింది. రెండేళ్ళు తిరగకముందే, 1906లో, ఆయన జబ్బుపడి మరణించాడు. ఇరవై అయిదేళ్ళ వయస్సులో ఆమె వితంతువైంది.

దుఃఖము చూపిన దారి

వైధవ్యం ఆమెను మూల కూర్చోబెట్టలేదు. న్యూయార్కు నగరంలోని సెయింట్ లూక్స్ ఆసుపత్రి నర్సింగు పాఠశాలలో చేరి, 1910లో పట్టా పుచ్చుకొన్నది. రాయబారి కూతురు రోగుల మలమూత్రాలు ఎత్తిపోయడానికి సిద్ధపడడం ఆనాడు చిన్న విషయం కాదు. ఈనాటికీ మన కుటుంబాలలో కొన్నింట నర్సు ఉద్యోగమంటే ముఖం చిట్లించేవారున్నారు. ఆ సంకోచాన్ని నూరేళ్ళ క్రిందటే ఒకామె దాటిందని గమనించాలి.

1912లో ఆమె ఆర్కన్సా రాష్ట్రంలోని ఒక మహిళా కళాశాల అధ్యక్షుని పునర్వివాహం చేసుకొన్నది. 1914లో కుమారుడు కలిగాడు. పేరు క్లిఫ్టన్ అయినా అందరూ ముద్దుగా బ్రెకీ అని పిలిచేవారు. 1916లో నెలలు నిండకుండా ఒక ఆడపిల్ల పుట్టి కొన్ని గంటలలోనే కన్ను మూసింది. ఆ గాయం మానక ముందే, 1918 జనవరిలో, నాలుగేళ్ళ బ్రెకీ కూడ అకస్మాత్తుగా జబ్బుచేసి చనిపోయాడు. భర్తతో సంసారం అప్పటికే చెడిపోయింది. 1920లో విడాకులతో అదీ ముగిసింది. ఆమె తన పుట్టింటి పేరునే తిరిగి స్వీకరించింది.

భర్తను, ఇద్దరు బిడ్డలను, ఇల్లును పోగొట్టుకొన్న ముప్పయి ఏడేళ్ళ స్త్రీకి మిగిలేదేమిటి? తనకు దక్కని బిడ్డల స్థానంలో లోకంలోని బిడ్డలను నిలుపుకోవాలని ఆమె నిశ్చయించుకొన్నది. ఇక ముందు తన శేషజీవితం పసిబిడ్డలకే అంకితమని సంకల్పం చేసుకొన్నది. బిడ్డను కాపాడాలంటే బిడ్డ పుట్టకముందే తల్లిని కాపాడాలనే సత్యం ఆమెకు తరువాతి సంవత్సరాలలో క్రమంగా బోధపడింది.

యుద్ధభూమిలో నేర్చిన పాఠము

మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత, 1919లో, ఆమె ఫ్రాన్సు దేశానికి వెళ్ళింది. యుద్ధంలో నేలమట్టమైన ఏన్ ప్రాంతపు గ్రామాలలో సహాయ కార్యక్రమాలు నడుపుతున్న అమెరికన్ సంస్థలో చేరింది. కూలిన గోడల మధ్య చంటిబిడ్డలకు పాలు లేవు. ఆమె స్వదేశంలోని మిత్రులకు లేఖలు వ్రాసి విరాళాలు సేకరించి మేకలను కొనిపించింది. గర్భిణులకు, బాలింతలకు, చంటిబిడ్డలకు నర్సులు ఇల్లిల్లూ తిరిగి సేవచేసే పద్ధతిని ఏర్పాటు చేసింది.

అక్కడ ఆమెకు కొందరు ఆంగ్ల నర్సులు పరిచయమయ్యారు. వారు నర్సులే కాక, మంత్రసాని విద్యలో శిక్షణ పొంది ప్రభుత్వ ధ్రువపత్రం పొందినవారు కూడ. ఫ్రాన్సులో మంత్రసానులు ఉన్నారు. వారు నర్సులు కారు. అమెరికాలో నర్సులు ఉన్నారు. వారికి పురుడు పోయడం రాదు. రెండు విద్యలూ ఒకే మనిషిలో ఉంటే వైద్యుడు లేని మారుమూల పల్లెకు ఎంత మేలు జరుగుతుందో ఆమెకు అక్కడ స్ఫురించింది.

గుర్రముపై పరిశోధన

స్వదేశానికి తిరిగివచ్చిన ఆమె తన పనికి కెంటకీ రాష్ట్రపు తూర్పు భాగాన్ని ఎన్నుకొన్నది. అది ఆపలేచియా పర్వతాల ప్రాంతం. దారులు లేవు, సెలయేటి గర్భమే బండిబాట. చలికాలంలో మంచు, వానకాలంలో వరద. లెస్లీ కౌంటీలో సుమారు పదివేలమంది నివసిస్తూ ఉండగా ప్రభుత్వ అనుమతి పొందిన వైద్యుడు ఒక్కడైనా లేడు. ఇక్కడ తన పద్ధతి ఫలిస్తే మరెక్కడైనా ఫలిస్తుందని ఆమె తర్కం.

పని ప్రారంభించకముందు ఆమె చేసిన పని మన విద్యార్థులు ప్రత్యేకించి గుర్తుంచుకోదగినది. 1923 వేసవిలో గుర్రమెక్కి మూడు కౌంటీలలో వందల మైళ్ళు తిరిగి, పురుళ్ళు పోసే 53 మంది స్త్రీలను వారి వారి ఇళ్ళలో కలుసుకొన్నది. వారి సగటు వయస్సు దాదాపు అరవై. చదువు లేదు, శిక్షణ లేదు. తల్లి నుండో, పొరుగువారి నుండో చూచి నేర్చుకొన్న విద్య. కొందరి ఇల్లు శుభ్రంగా ఉంది, కొందరిది లేదు. కాన్పు సవ్యంగా జరిగినంతవరకు వారి చేతి చలువ సరిపోయేది. బిడ్డ అడ్డం తిరిగినా, రక్తం ఆగకపోయినా, గుర్రపువాతం వచ్చినా వారికి తెలిసినవి చెట్టు మందులు, మంత్రాలు, ప్రార్థనలు మాత్రమే. ఆ రోజులలో అమెరికా దేశం మొత్తం మీద వేయి కాన్పులకు ఆరేడుగురు తల్లులు మరణించేవారు. సంపన్న దేశమైనా ఆ విషయంలో ఐరోపాలోని అనేక దేశాలకంటె వెనుకబడే ఉంది.

తరువాత ఆమె తానే విద్యార్థినిగా మారింది. నలభై రెండేళ్ళ వయస్సులో లండను నగరంలోని వూల్విచ్ ప్రసూతి ఆసుపత్రిలో చేరి మంత్రసాని విద్య అభ్యసించి, పరీక్షలో ఉత్తీర్ణురాలై ధ్రువపత్రం పొందింది. 1924లో స్కాట్లాండుకు వెళ్ళి, అక్కడి కొండప్రాంతాలలోను, హెబ్రిడీస్ ద్వీపాలలోను వికేంద్రీకరించిన వైద్యసేవ నడిచే తీరును స్వయంగా చూచింది. తన సంస్థకు కావలసిన నమూనా ఆమెకు అక్కడ దొరికింది.

సంస్థ స్థాపన

1925 మే 28వ తేదీన కెంటకీ రాజధాని ఫ్రాంక్‌ఫర్టులో తల్లులు, శిశువుల సంక్షేమం కొరకు ఒక కమిటీ ఏర్పడింది. 1928లో దాని పేరు ఫ్రాంటియర్ నర్సింగ్ సర్వీస్ అని మారింది. ప్రారంభంలో వెచ్చించిన ధనం చాలావరకు ఆమెకు వారసత్వంగా వచ్చిన సొమ్మే. హైడెన్ అనే చిన్న ఊరిలో మొదటి కేంద్రం తెరిచారు. అక్కడికి కొద్ది దూరంలో, కెంటకీ నది పాయ ఒడ్డున, వెండోవర్ అనేచోట దుంగలతో కట్టిన ఇల్లు ఆమె నివాసమూ, ప్రధాన కార్యాలయమూ అయింది. 1928లో హైడెనులో ఒక చిన్న ఆసుపత్రి వెలసింది. దాని ప్రారంభోత్సవానికి స్కాట్లాండు నుండి సర్ లెస్లీ మెకెంజీ తరలివచ్చాడు.

క్రమంగా కొండల మధ్య ఆరు ఉపకేంద్రాలు ఏర్పడ్డాయి. ఒక్కొక్క కేంద్రంలో ఇద్దరు నర్సులు ఉండేవారు. ఎటు వెళ్ళినా గుర్రం మీద గంట, గంటన్నరలో చేరగలిగిన దూరమే ఆ కేంద్రం పరిధి. మొత్తం మీద సేవాప్రాంతం ఏడువందల చదరపు మైళ్ళు. నర్సు జీనుకు రెండు ప్రక్కలా తోలు సంచులు వ్రేలాడేవి. పురుటికి వేరు సంచులు, మామూలు జబ్బులకు వేరు సంచులు. ఒక్కొక్క జత సుమారు నలభై పౌనుల బరువు. అందులో మరగబెట్టి శుభ్రపరచిన గుడ్డలు, కత్తెర, తూనిక, మందులు, పసిబిడ్డ కంటిలో వేసే చుక్కల మందు, అన్నీ ఉండేవి. తండ్రి వచ్చి నర్సును పిలువగలిగితే నర్సు తల్లివద్దకు చేరగలదన్నది వారి కట్టుబాటు. అర్ధరాత్రియైనా, వరదయైనా, మంచైనా ఆ కట్టుబాటును వారు తప్పలేదు.

సేవా విధానము

ఆమె పద్ధతిలోని ప్రధాన విషయం పురిటి గడియ కాదు, అంతకుముందరి నెలలు. స్త్రీ గర్భవతి అని తెలిసిన వెంటనే పేరు నమోదుచేసి, నర్సు ఇంటికి వెళ్ళి చూస్తూ ఉండేది. రక్తపు పోటు, మూత్ర పరీక్ష, బిడ్డ నిలిచిన తీరు పరిశీలించేది. ఇబ్బంది కనిపించిన గర్భిణిని ముందుగానే హైడెను ఆసుపత్రికి తరలించేవారు. మిగిలిన తల్లులు తమ ఇంటిలో, తమ మంచం మీద, కిరోసిన్ దీపపు వెలుగులో, తమవారి మధ్య ప్రసవించేవారు. నర్సు తొందరపడేది కాదు. నొప్పులు తమంతట తాము సాగనిచ్చి, ప్రక్కన కూర్చుండి ధైర్యం చెప్పేది. కాన్పు తరువాత పది రోజుల వరకు వచ్చి బాలింతను, బిడ్డను చూచిపోయేది.

వైద్యుడు లేనిచోట నర్సు ఎంతవరకు పోవచ్చును, ఎక్కడ ఆగి కబురు పంపాలి అనే నియమాలను లెక్సింగ్టను నగరపు వైద్యుల సంఘం వ్రాసి ఇచ్చింది. నర్సులు ఆ హద్దు దాటేవారు కారు. ప్రమాదం వచ్చినప్పుడు పురుషులు మంచం వంటి స్ట్రెచరు మీద తల్లిని భుజాన మోసుకొని మైళ్ళ కొలది కొండబాట నడిచి ఆసుపత్రికి చేర్చేవారు. ఇంటికీ ఆసుపత్రికీ నడుమ తెగని దారి ఒకటి ఆమె వేసింది. మా నానీమా అక్కకు లేకపోయినది ఆ దారియే.

పురుటికి అయిదు డాలర్లు రుసుము. పూర్వగర్భ పరీక్షలు, కాన్పు, తరువాతి సేవ అన్నీ అందులోనే. డబ్బు లేనివారు మొక్కజొన్న, పశుగ్రాసం, కట్టెలు, కంచె కట్టే కూలి, ఏది ఇవ్వగలిగితే అది ఇచ్చేవారు. ఉచితం కాదు కనుక ఎవరి ఆత్మగౌరవమూ దెబ్బతినలేదు. ప్రతి కేంద్రానికీ స్థానికులతో ఒక కమిటీ ఉండేది. స్థలం, కలప, శ్రమ వారు సమకూర్చేవారు. పైనుండి వచ్చిపడిన సంస్థగా గాక, తమ సొంత సంస్థగా ప్రజలు దానిని భావించడానికి ఇదే కారణం. పురుళ్ళతోపాటు మశూచి, టైఫాయిడ్, డిఫ్తీరియా టీకాలు కూడ నర్సులే వేసేవారు.

లెక్క చెప్పిన సత్యము

బిడ్డలను పోగొట్టుకొన్న తల్లి హృదయం ఒక ప్రక్కన, గణాంకాల పట్ల గౌరవం మరొక ప్రక్కన ఆమెలో సమానంగా ఉండేవి. మొదటి దినం నుండి ప్రతి కాన్పు వివరం వ్రాయించింది. ఆ కాగితాలను పరిశీలించే బాధ్యత మెట్రోపాలిటన్ జీవితబీమా సంస్థ స్వీకరించింది. 1932లో ఆ సంస్థ గణాంకవేత్త లూయీ డబ్లిన్ మొదటి వేయి కాన్పుల ఫలితాన్ని వెల్లడించాడు. గర్భం వలన గాని ప్రసవం వలన గాని నేరుగా ఒక్క తల్లియైనా మరణించలేదు. ఇటువంటి సేవ దేశమంతటా ఉంటే ఏటా పదివేలమంది తల్లుల ప్రాణాలు నిలుస్తాయని ఆయన అంచనా వేశాడు. 1925 నుండి 1950 దశాబ్ది మధ్యభాగం వరకు లెక్క తీసినప్పుడు, ఆ సంస్థ చేతి మీద పదివేల జననాలకు సుమారు 9 మంది తల్లులు, దేశం మొత్తం మీద సుమారు 34 మంది మరణించినట్లు తేలింది. దారిలేని కొండలలో, బీదల గుడిసెలలో సాధించిన ఫలితమిది.

కష్టాలు ఆమెను విడువలేదు. 1931లో గుర్రం మీదనుండి పడి వెన్నెముక విరిగింది. ఉక్కు పట్టీ కట్టుకొని మళ్ళీ పనిలో దిగింది. ఆర్థిక మాంద్యపు రోజులలో విరాళాలు తగ్గిపోగా సిబ్బంది తక్కువ జీతానికి పనిచేశారు. 1939లో రెండవ ప్రపంచయుద్ధం రాగానే ఆంగ్ల నర్సులలో అనేకులు స్వదేశసేవకు వెళ్ళిపోయారు. సంస్థ మూతపడవలసిన స్థితి. ఆమె అదే సంవత్సరం హైడెనులో మంత్రసాని విద్యాలయాన్ని ప్రారంభించి, తనకు కావలసినవారిని తానే తయారుచేసుకొన్నది. ఆ విద్యాలయం పెరిగి ఫ్రాంటియర్ నర్సింగ్ విశ్వవిద్యాలయంగా మారి ఈనాటికీ నడుస్తున్నది. 1952లో ఆమె తన ఆత్మకథను ప్రకటించింది. 1965 మే 16వ తేదీన, ఎనభై నాలుగవ ఏట, వెండోవరులోనే పరమపదించింది.

గుణదోష విచారణ

మహనీయుల జీవితాలను వ్రాసేటప్పుడు లోపాలను దాచడం చదువరులకు అపకారం. నల్లజాతి నర్సులను ఆమె తన సంస్థలో చేర్చుకోలేదు. దక్షిణ రాష్ట్రాల భూస్వామ్య వంశాల అహంకారం ఈ ఒక్క విషయంలో ఆమెను కడవరకు వదలలేదు. ధనవంతుల వద్ద విరాళాలు అడిగేటప్పుడు కొండప్రజల శ్వేతజాతి స్వచ్ఛతను గూర్చి చెప్పడం కూడ ఆమెకు అలవాటు. అంతేకాదు, తాను ఇళ్ళకు వెళ్ళి కలుసుకొన్న ఆ 53 మంది వృద్ధ మంత్రసానులకు ఆమె ప్రణాళికలో స్థానం దొరకలేదు. వారికి తర్ఫీదు ఇచ్చి నిలుపుకొనే బదులు, వారి స్థానంలో కొత్తవారిని నిలిపింది. తరతరాలుగా ఆ లోయలలో బిడ్డలను చేతులలోకి తీసుకొన్న స్త్రీలు క్రమంగా చరిత్రలో మరుగుపడ్డారు. మానవసేవ చేసినవారి దృష్టికి కూడ కొందరు మానవులు ఆనకపోవడం విచారకరం. ఆమె నుండి నేర్చుకొనేవారు ఈ పాఠాన్ని కూడ నేర్చుకోవాలి.

మనకు దీనితో సంబంధమేమి?

ఒకనాడు మన పల్లెలలో ఆసుపత్రి లేక తల్లులు మరణించారు. ఇప్పుడు కాన్పులు దాదాపు అన్నీ ఆసుపత్రులలోనే జరుగుతున్నాయి. అది గొప్ప మేలు. కాని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు కడుపు కోసి చేసినవే. ఒక జనసమూహంలో ఇటువంటి శస్త్రచికిత్సలు 10 శాతం మించిన తరువాత వాటి పెరుగుదల వలన తల్లుల, శిశువుల మరణాలు తగ్గడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో తెలియజేసింది. అవసరమైనచోట కత్తి ప్రాణదాత. అవసరం లేనిచోట అది పేదవాని అప్పు, తల్లి దేహానికి గాయం. ఆనాడు కొరవడినది ఆసుపత్రి. ఈనాడు కొరవడినది ఓపికతో ప్రక్కన కూర్చుండి, సహజమైన కాన్పును సహజంగా జరగనిచ్చే శిక్షణగల మనిషి. ఈ సంగతి గుర్తించియే తెలంగాణ ప్రభుత్వం 2017లో నర్సులకు మంత్రసాని విద్యలో ప్రత్యేక శిక్షణ ప్రారంభించింది. 2018లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ మార్గదర్శకాలు వెలువరించింది. కెంటకీ కొండలలో ఒక స్త్రీ గుర్రమెక్కి చేసిన ఆలోచన ఇంత దూరం వచ్చింది.

విద్యార్థినులారా! మీలో కొందరు నర్సింగు చదవాలని కోరుకొని, ఇంటిలో పెద్దలు ఒప్పుకోరేమోనని ఆ మాటను గొంతులోనే ఆపుకొన్నారని నాకు తెలుసు. అటువంటివారు ఈ వ్యాసాన్ని ఇంటికి తీసుకొనిపోయి పెద్దలకు చదివి వినిపించండి. మన కళాశాల కమిటీ పెద్దలు కూడ ఆ కోర్సులకు వెళ్ళగోరే బీద విద్యార్థినులకు ఫీజు విషయంలో చేయూతనివ్వవలసిందిగా సవినయంగా మనవి చేస్తున్నాను.

అందరికీ ఒక చిన్న పని అప్పగించి ముగిస్తాను. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు, మీరు పుట్టిననాడు మిమ్మల్ని మొదట ఎత్తుకొన్న చేతులు ఎవరివో మీ అమ్మను అడగండి. ఆమెకు ఆ పేరు జ్ఞాపకముంటే ఒక కాగితం మీద వ్రాసి ఉంచండి. మా నానీమాను నేను ఆ పేరు అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే వారు లేరు.